బంతిని ఇచ్చివేయుట నేర్పిన ఉపాధ్యాయుడు
(సయ్యద్ అబ్దుల్ రహీం గారి జీవితము, 1909–1963)



కోతలు ముగిసిన పిమ్మట మన నర్సీపట్నము చుట్టుపట్ల పల్లెలలో సాయంకాలము నడచి వచ్చునప్పుడు, ఎండిన మళ్లలో బాలురు బంతి తన్నుకొనుచుండుట మనము చూచుచుందుము. ఆ ఆటలో ఒక సంగతిని మేము పలుమారులు గమనించితిమి. బంతి ఎక్కడ ఉన్నదో పిల్లలందరును అక్కడనే ఉందురు. పదిమంది ఒక్క బంతి చుట్టును మూగి, ఒకరి కాళ్లు ఒకరు తన్నుకొని, దుమ్ములో పడి లేచుచుందురు. గట్టు ప్రక్కన ఎడముగా నిలిచి, బంతి తన యొద్దకు వచ్చువరకు ఓర్చుకొను పిల్లవాడు ఒక్కడైనను కానరాడు. బంతి దొరికినవాడు దానిని విడువడు. విడిచినచో అది మరల తన యొద్దకు రాదని వాని భయము.

ఈ భయమును పోగొట్టుటయే తన జీవితకాలపు పనిగా పెట్టుకొన్న ఒక ఉపాధ్యాయుడు హైదరాబాదు నగరములో నుండిరి. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిష్యులు ఆయనను రహీం సాబ్ అని పిలుచుచుండిరి. హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాల్ జట్టును దేశములోని మేటి జట్లలో ఒకటిగా నిలిపినది ఆయనయే. భారత జట్టును రెండుమారులు ఆసియా ఖండమంతటిలో మొదటి స్థానమునకు తెచ్చినదియు ఆయనయే. ఆయన మన సంఘములకు చెందినవారు కారు. ముస్లిము కుటుంబములో పుట్టి, ఆ విశ్వాసములోనే జీవించినవారు. అయినను మంచి ఎక్కడ కనబడినను దానిని గుర్తించి నేర్చుకొనుట మనకు తగును. ముఖ్యముగా మన సంఘములలో బడిపంతుళ్లు అనేకులున్నారు గనుక, ఈ బడిపంతులు కథ వారికి ధైర్యము కలిగించునని తలంచి ఈ నెల వ్రాయుచున్నాము.

బాల్యము, బడి ఉద్యోగము

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిరి. అది నిజాము ప్రభువుల పాలన కాలము. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదివి, ఆ దినములలోనే ఫుట్‌బాల్ ఆడుచుండిరి. చదువు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించిరి. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్లనున్న పాఠశాలలలో పని చేసిరి. తరువాత వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, పిల్లల ఆటల బాధ్యతను కూడ వహించిరి.

ఆటగాడుగా ఆయనకు కలిగిన పేరు కొద్దిపాటిదే. లోకము ఆయనను ఎరిగినది ఇతరులకు నేర్పినవానిగానే. ఆడువాని పేరు పత్రికలలో పడును. నేర్పినవాని పేరు సామాన్యముగా పడదు. ఈ సంగతి ఎరిగియే ఆయన నేర్పు పనిని ఎన్నుకొనిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా ఎన్నికైరి. మరణము వరకు, ఇరువది సంవత్సరములు, ఆ బాధ్యతను విడువలేదు.

ఆయన నేర్పిన విధము

కార్యదర్శి అయిన పిమ్మట రహీం గారు నగరములోని బాలుర కొరకు కొన్ని క్రొత్త పోటీలు ఏర్పాటు చేసిరి. వీటిని గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఏలయనగా ఆయన బోధన యంతయు వీటిలోనే ఉన్నది.

మొదటి విధమైన పోటీలో బంతిని కాలితో నడుపుకొనుచు ఎదుటివానిని తప్పించుకొని పోవుట నిషేధము. బంతి అందిన వెంటనే ఖాళీగానున్న మరియొకనికి దానిని అందించవలెను. ఈ నియమమువలన పిల్లవాడు బంతి తన కాలికి తగులకముందే తలయెత్తి చుట్టును చూచుట నేర్చుకొనును. తన తోటివారిలో ఎవరు ఎక్కడ ఉన్నారో తెలిసికొనును. బంతి కంటె మనుష్యుని వేగము తక్కువ. ఎంత వేగముగా పరుగెత్తువాడైనను, అందించిన బంతితో సమానముగా పరుగెత్తలేడు. కాబట్టి బంతిచేతనే పరుగు చేయించవలెనని ఈ పద్ధతి నేర్పుచుండెను.

రెండవ విధమైన పోటీలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెను. మనలో అనేకులకు కుడికాలు వాటము. ఎడమకాలు దేహమును మోయుటకే గాని తన్నుటకు పనికిరాదు. అట్టివాడు ఈ పోటీలో ఎడమకాలితోనే ఆడవలెను. మొదట నవ్వులపాలగును. కొన్ని నెలలకు ఆ కాలును పని నేర్చుకొనును. అప్పుడు అతడు ఏ వైపునుండి బంతి వచ్చినను తడబడడు.

మూడవ విధమైన పోటీ పొట్టి పిల్లల కొరకు. నియమించిన కొలతకంటె ఎత్తైన పిల్లలకు అందులో చోటు లేదు. ఇతర ఆటలలో పెద్ద పిల్లలు త్రోసివేయగా ప్రక్కన నిలిచి చూచు చిన్నవారికి ఇక్కడ నిండుగా ఆడు అవకాశము దొరకెను. ఇట్టి పోటీలలో పాల్గొన్న బాలురలో కొందరు పిమ్మట పెద్ద జట్లలో చేరిరి.

చూడుడి, ఈ మూడు నియమములలోను ఒకే బోధ కలదు. బలవంతుని గొప్పతనమును పెంచుటకు ఇవి ఏర్పడలేదు. ఇచ్చివేయుట నేర్పుటకును, బలహీనమైన దానిని బలపరచుటకును, వెనుక నిలిచినవానిని ముందుకు పిలుచుటకును ఇవి ఏర్పడినవి. పౌలు భక్తుడు కొరింథులోని సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక పండ్రెండవ అధ్యాయములో శరీరమును దాని అవయవములను గూర్చి చెప్పిన సంగతి చదువరులకు గుర్తుకు వచ్చియుండును. ఆ అధ్యాయమును ఈ నెలలో ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో చదువవలెనని మా మనవి.

నగర పోలీసు జట్టు

1950లో రహీం గారు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ కాలమును జ్ఞాపకము చేసికొనవలెను. అంతకు రెండేండ్ల ముందు, 1948 సెప్టెంబరులో, పోలీసు చర్య జరిగి హైదరాబాదు సంస్థానము భారతదేశములో చేరినది. ఆ ముందువెనుకల సంస్థానమందు చాల రక్తము చిందినది. ఒక మతమువారు మరియొక మతమువారిని అనుమానముతో చూచుచున్న దినములవి. అట్టి నగరమునుండి ఈ జట్టు బయలుదేరినది. జట్టువారి పేర్ల పట్టిక చదివిన చాలును: నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, నార్బర్ట్ ఆండ్రూ, ఆంథోనీ పాట్రిక్. వీరందరు ఒక్క రంగు చొక్కా తొడుగుకొని, ఒకరి కాలినుండి మరియొకరి కాలికి బంతిని అందించుకొనుచు ఆడుచుండిరి.

మన దేశములో రెండు పాత పోటీలు కలవు. ఒకటి 1888లో సిమ్లాలో ప్రారంభమైన డ్యూరాండ్ కప్పు. మరియొకటి 1891లో బొంబాయిలో ప్రారంభమైన రోవర్సు కప్పు. చాలకాలమువరకు ఈ రెంటిలోను ఆంగ్లేయ సైనిక దళములే గెలుచుచుండెను. 1937లో బెంగుళూరు ముస్లిము జట్టు రోవర్సు కప్పును, 1940లో కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు డ్యూరాండ్ కప్పును గెలిచిన పిమ్మటనే అవి భారతీయుల చేతికి వచ్చెను. కలకత్తాలో మోహన్ బగాన్ వంటి జట్లకు 1889 నుండి చరిత్ర ఉన్నది. అభిమానులు వేలకొలది ఉన్నారు. హైదరాబాదు పోలీసు జట్టునకు అట్టి ధనముగాని, అట్టి జనబలముగాని లేదు.

అయినను స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1950లో మొదటిసారి జరిగిన డ్యూరాండ్ పోటీలో, ఆ మోహన్ బగాన్ జట్టునే ఓడించి హైదరాబాదు పోలీసులు కప్పు తెచ్చుకొనిరి. ఆ సంవత్సరమే రోవర్సు కప్పు కూడ గెలిచిరి. 1951, 1952, 1953, 1954లలోను రోవర్సు కప్పు హైదరాబాదుకే వచ్చినది. వరుసగా అయిదు సంవత్సరములు! డ్యూరాండ్ కప్పును 1954లోను, 1957లోను మరల గెలిచిరి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ఏర్పడిన తరువాత ఆ జట్టునకు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు అని పేరు మారినది. ఆ పేరుతోనే 1961లో మోహన్ బగాన్‌ను ఓడించి నాలుగవసారి డ్యూరాండ్ కప్పు సంపాదించిరి. ఇవి యన్నియు రహీం గారి శిక్షణలో జరిగిన సంగతులు.

విజయమును, అవమానమును

1951 మార్చిలో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగినవి. భారత జట్టునకు రహీం గారే శిక్షకులు. మన జట్టు ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్థానమును ఓడించి, తుది పోటీలో ఇరాను జట్టును ఒక్క గోలుతో గెలిచి బంగారు పతకము పొందెను. దేశమంతయు సంతోషించినది.

మరుసటి సంవత్సరము, 1952 జూలైలో, ఆ శిక్షకుడే జట్టును తీసికొని ఫిన్లాండు దేశపు హెల్సింకీ నగరమునకు ఒలింపిక్ క్రీడలకు వెళ్లిరి. అక్కడ యుగోస్లావియా జట్టు చేతిలో మనవారు ఓడిపోయిరి. అవతలివారికి పది గోలులు, మనకు ఒకటి. ఆసియాలో మొదటివారమని పొంగిన ఏడాదిన్నరకే ఇంతటి అవమానము కలిగెను.

కారణములు లేకపోలేదు. మన ఆటగాండ్రలో అనేకులు అప్పటివరకు వట్టి కాళ్లతో ఆడుచుండిరి. వెచ్చని పొడినేలమీద వట్టి కాలు బంతిని చక్కగా లోబరచుకొనును. హెల్సింకీ చలిలో అది పనికిరాలేదు. మరియు మన దేశములో ఆ దినములలో ఆట డెబ్బది నిమిషములే. ఒలింపిక్ ఆట తొంబది నిమిషములు. డెబ్బది నిమిషములకు అలవడిన ఊపిరి తొంబది నిమిషములకు చాలదు.

ఓటమిని పొందినవారు సామాన్యముగా రెండు పనులలో ఒకటి చేయుదురు. ఇతరులమీద నేరము మోపుదురు, లేదా పని మానివేయుదురు. రహీం గారు ఈ రెండును చేయలేదు. హెల్సింకీ తరువాత మన దేశములో ఆటగాండ్రందరు బూట్లు తొడుగవలెనని నియమమయ్యెను. ఆయన హైదరాబాదునకు తిరిగివచ్చి, ఫతే మైదానములో మరల తన పాఠములకు పూనుకొనిరి. దేహమునకు బలము చాలదని తెలిసెను గనుక ఆటగాండ్ర పరుగును, ఓర్పును పెంచుటకు శ్రమించిరి. యూరోపు దేశములవారు ఆడు విధమును శ్రద్ధగా పరిశీలించిరి. హెల్సింకీలో ఆయన పొందిన అవమానము వృథా కాలేదని నాలుగేండ్లకు తేలినది.

సైకిలు బాడుగ

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పవలెను. సికింద్రాబాదు ప్రక్కన అమ్ముగూడ అను పల్లె కలదు. అక్కడ తులసీదాస్ బలరాం అను బీద కుటుంబపు పిల్లవాడు ఉండెను. అతని ఆట రహీం గారి కంటబడెను. రాష్ట్ర జట్టు సాధనకు ఫతే మైదానమునకు రమ్మని పిలిచిరి. మైదానము అమ్ముగూడకు చాలదూరము. రోజును వచ్చిపోవుటకు ఆ పిల్లవానియొద్ద డబ్బు లేదు. ఆ సంగతి తెలిసి రహీం గారు సైకిలు బాడుగకు తామే డబ్బు ఇచ్చిరి. పిల్లవాడు అద్దె సైకిలుమీద వచ్చి ఆట నేర్చుకొనెను.

ఆ బలరామే 1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలకు వెళ్లెను. 1960లో రోము ఒలింపిక్ క్రీడలలో హంగరీ మీదను, పెరూ మీదను గోలులు చేసెను. 1962లో ఆసియా బంగారు పతకము గెలిచిన జట్టులోనుండెను. 2023 ఫిబ్రవరిలో మరణించువరకు భారత ఫుట్‌బాల్ చరిత్రలో గొప్పవారిలో ఒకడుగా ఎంచబడెను. రోజుకు కొద్దిపాటి సైకిలు బాడుగ! మన పల్లెలలో ఇట్టి కొద్దిపాటి సహాయము లేక ఆగిపోవు పిల్లలు ఎందరుందురో ఆలోచింపుడి.

మెల్బోర్ను, రోము

1956 నవంబరు, డిసెంబరు నెలలలో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలు జరిగినవి. ఆనాటి భారత జట్టులో హైదరాబాదువారు పలువురుండిరి. రహీం గారు మధ్యనుండు ముందు ఆటగానిని కొంత వెనుకకు దింపి ఆడించిరి. అవతలి కాపలాదారు అతనిని వెంబడించి వచ్చినచో వెనుక చోటు ఖాళీ యగును. వెంబడింపనిచో అతడు స్వేచ్ఛగా బంతిని పంచిపెట్టును. వెనుకకు తగ్గినవానివలన ముందున్నవారికి మేలు కలుగు ఉపాయమిది.

ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియా జట్టును మనవారు నాలుగు గోలులకు రెండుగా ఓడించిరి. అందులో మూడు గోలులు నెవిల్ డిసౌజా చేసినవి. ఆ విజయముతో ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము మనదయ్యెను. సెమీఫైనలులో ఎదురైనది మరల ఆ యుగోస్లావియాయే. మొదటి గోలు మనవారిదే. కాని పిమ్మట అవతలివారు పుంజుకొని నాలుగు గోలులకు ఒకటిగా గెలిచిరి. బల్గేరియాతో జరిగిన కాంస్య పతకపు ఆటలోను మనవారు ఓడి, నాలుగవ స్థానమున నిలిచిరి. నాలుగేండ్ల క్రిందట పది గోలులతో ఓడిన దేశమిది. ఇంతవరకు ఒలింపిక్ క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు ఆ స్థానమును దాటలేదు.

1960లో రోములో మన జట్టు బలమైన హంగరీ చేతిలో రెండు గోలులకు ఒకటిగా ఓడెను. ఫ్రాన్సుతో ఒక్కొక్క గోలుతో సమముగా నిలిచెను. పెరూ చేతిలో ఓడెను. గెలుపు దొరకకపోయినను, పెద్ద జట్ల యెదుట తలయెత్తి ఆడగల జట్టుగా అది పేరు పొందెను. రహీం గారి కుమారుడు హకీం కూడ ఆ జట్టువారిలో నుండెను.

జకార్తా

1962 వచ్చినది. ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరుగవలసియుండెను. అప్పటికే రహీం గారి శరీరమును క్యాన్సరు తినివేయుచుండెను. ఆయన ఇంట విశ్రమించినను ఎవరును తప్పు పట్టియుండరు. ఆయన జట్టుతో వెళ్లిరి.

మొదటి ఆటలో దక్షిణ కొరియా మనవారిని రెండు గోలులతో ఓడించెను. రెండవ ఆటలో థాయిలాండుపై నాలుగు గోలులకు ఒకటిగా గెలిచిరి గాని, మన గట్టి కాపలాదారు జర్నైల్ సింగుకు తలకు గాయమై కుట్లు పడెను. జపానుతో ఆటకు అతడు లేడు. అయినను రెండు గోలులతో గెలిచిరి.

అప్పుడు రహీం గారు ఒక విచిత్రమైన పని చేసిరి. వెనుక కాపలా కాయు జర్నైల్ సింగును, తలకు కట్టుతోనే, సెమీఫైనలులో ముందు ఆటగానిగా నిలిపిరి. అతడు చిన్ననాట ముందు ఆడినవాడని ఆయనకు జ్ఞాపకమున్నది. దక్షిణ వియత్నాముతో జరిగిన ఆ ఆటలో మనవారు మూడు గోలులకు రెండుగా గెలిచిరి. జర్నైల్ ఒక గోలు చేసెను.

సెప్టెంబరు 4వ తేదీన తుది పోటీ. ఎదుటివారు మొదట మనలను ఓడించిన దక్షిణ కొరియావారే. ఆటస్థలములో దాదాపు లక్షమంది జనము. వారిలో ఎక్కువమంది మన జట్టు ఓడవలెనని కోరుచుండిరి. ఇజ్రాయేలు, తైవాను దేశములవారిని ఆ క్రీడలకు రానీయకపోవుట సరికాదని మన దేశపు క్రీడాధికారి సోంధీ గారు అభ్యంతరము చెప్పియుండిరి. దానివలన ఆ నగరములో మన దేశముపై కోపము రగిలి, జనులు మన రాయబార కార్యాలయము మీదికి కూడ వెళ్లిరి. మన జాతీయ గీతము వినబడకుండ ఆటస్థలములో కేకలు వేసిరి. ఆ జనసముద్రములో మనవారిని ఉత్సాహపరచినవారు కొద్దిమందియే. వారిలో పాకిస్థాను హాకీ ఆటగాండ్రును ఉండిరని మన జట్టువారు కృతజ్ఞతతో చెప్పుకొనెడివారు.

ఆటకు ముందు రహీం గారు తన బిడ్డలవంటి ఆటగాండ్రను పిలిచి, తనకు వారినుండి ఒక బహుమానము కావలెనని, అది బంగారు పతకమేనని అడిగిరట. హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ జ్వరమునుండి లేచి గోలు కాపాడుటకు నిలిచెను. ఆట మొదలైన పదునేడవ నిమిషమున పి.కె. బెనర్జీ గోలు చేసెను. మరి కొద్ది నిమిషములకు, తలకు కట్టుతోనున్న జర్నైల్ సింగు రెండవ గోలు చేసెను. కొరియావారు చివరలో ఒకటి మాత్రమే చేయగలిగిరి. నాయకుడు చునీ గోస్వామి జట్టు బంగారు పతకము అందుకొనెను. కేకలు వేసిన ఆ జనము మధ్యనే మన జెండా పైకి లేచెను.

ఆయన మరణము, ఆ తరువాత

తొమ్మిది నెలలు గడచినవి. 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూసిరి. అప్పటికి ఆయన వయస్సు యేబదిమూడు సంవత్సరములు.

ఇప్పుడు మేము చెప్పబోవునది విచారకరమైన సంగతి. జకార్తాలో గెలిచిన ఆ బంగారు పతకము తరువాత, ఇంతవరకు ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టునకు మరియొక బంగారు పతకము రాలేదు. 1970లో బ్యాంకాకులో, హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వమున కాంస్యము వచ్చినది. అదియే తుది పతకము. హైదరాబాదు ఆటగాండ్రు అనేకులు మంచి జీతముల కొరకు కలకత్తా జట్లలో చేరిరి. పోలీసు జట్టు 1963లో మరియొకసారి రోవర్సు కప్పు గెలిచి, క్రమముగా వెనుకబడెను. ఆ రోవర్సు కప్పు పోటీ సహితము 2001 తరువాత నిలిచిపోయినది. దేశము రహీం గారిని చాలవరకు మరచిపోయినది. 2024లో ఆయన జీవితమునుగూర్చి ఒక హిందీ చలనచిత్రము వచ్చిన పిమ్మటనే క్రొత్త తరమువారు ఆయన పేరు వినిరి.

ఆయన శిష్యులు కొందరు మంచి శిక్షకులైరి, పి.కె. బెనర్జీయు, నయీముద్దీనును వారిలోనివారే. విత్తనము పూర్తిగా చావలేదు. కాని చిన్న పిల్లలకు బలహీనమైన కాలితో ఆడుట నేర్పుచు, పొట్టివారిని పిలిచి ఆడించుచు, సైకిలు బాడుగ ఇచ్చుచు, పేరు రాని ఆ పనిని ఇరువది ఏండ్లు విడువక చేయువారు కరవైరి. పండ్లు కోయుటకు అందరు వచ్చిరి. నీరు పోయుటకు ఎవరును నిలువలేదు.

మనకు దీనివలని ఉపయోగము

మోషేకు యెహోషువ ఉండెను. ఏలీయాకు ఎలీషా ఉండెను. వారు తమ పనిని చేయుటతోనే తృప్తిపడక, తమ వెనుక వచ్చువానిని ప్రక్కన నడిపించుకొనిరి. మన సంఘములలో ఈ సంగతి ఎట్లున్నది? ఆదివారపు బడి చెప్పువారు అనేక చోట్ల ఒక్కరే. వారికి జబ్బు చేసినచో ఆ దినము బడి లేదు. లెక్కల పుస్తకము ఒక్కరి చేతిలోనే ఇరువది ఏండ్లుండును. పాట ఎత్తుటకు ఒక్క గొంతే అలవాటు. యౌవనస్థుడెవడైనను ముందుకు వచ్చినచో, వానికి ఇంకను అనుభవము చాలదని కూర్చుండబెట్టుదుము. ఇతరులను నిందించుటకు ఇది వ్రాయుటలేదు. మేమును ఈ తప్పు చేసినవారమే. పని మన చేతిలోనుండి పోయినచో మరల మన యొద్దకు రాదని మనకును ఆ మడిలోని పిల్లల భయమే.

కాబట్టి ఈ నెల ప్రతి సంఘమును ఒక చిన్న పని చేయవలెనని కోరుచున్నాము. ఇంతవరకు మీరొక్కరే చేయుచున్న పనిని ఒకదానిని ఎన్నుకొనుడి. ఎడముగా నిలిచియున్న ఒక పిల్లవానినో, పిల్లనో పిలిచి, దానిని వారి చేతికి ఇయ్యుడి. వారు మొదట తడబడుదురు. ఎడమకాలితో తన్నువాడు మొదట తడబడకుండునా? ఓర్పుతో ప్రక్కన నిలువుడి.

మరియు సాయంకాలము పొలముగట్టు మీదుగా వచ్చునప్పుడు, బంతి చుట్టును గుమిగూడిన మన పిల్లలు కనబడినచో, ఒక నిమిషము ఆగుడి. వారిలో ఒకనిని పిలిచి దూరముగా గట్టు ప్రక్కన నిలువుమని చెప్పుడి. మిగిలినవారిని బంతి వానికి అందింపుమనుడి. మొదట వారు మీ మాట నమ్మరు. నమ్మి ఒక్కసారి అందించిన తరువాత, బంతి తిరిగి వచ్చుట వారే చూతురు.